డోంబివలి స్టేషన్‌లో పుట్టిన సంఖ్య

ముంబై నుంచి కల్యాణ్ వైపు లోకల్ రైలెక్కేవాళ్లకు డోంబివలి అనగానే గుర్తొచ్చేది రద్దీ. ఠాణే జిల్లాలోని ఈ స్టేషన్‌లో ఉదయం పూట ప్లాట్‌ఫారం మీద కాలు మోపడానికి చోటుండదు. గణితంలో మాత్రం దీనికి చెరగని చోటుంది. 12,34,56,78,98,76,54,321 అనే పదిహేడంకెల సంఖ్యను ‘అద్భుత డెమ్లో సంఖ్య’ అంటారు. ఆ ‘డెమ్లో’ అంటే అప్పటి పిలుపులో ఈ స్టేషనే.

పేరు పెట్టింది దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. 1905లో దహాణులో పుట్టి, నాసిక్ దగ్గర దేవళాలి బడిలో 1930 నుంచి 1962 దాకా పాఠాలు చెప్పిన మాస్టారు. అప్పటి గ్రేట్ ఇండియన్ పెనిన్సులా (జీఐపీ) రైల్వేలో, బొంబాయికి 30 మైళ్ల దూరంలో, ఈ సంఖ్యల ఆలోచన ఆయనకు తట్టింది డోంబివలిలోనే. 6174 అనే సంఖ్యతో ప్రపంచానికి తెలిసిన కాప్రేకర్ ఈయనే. నా మటుకు నాకు 6174 కన్నా డెమ్లోయే ముచ్చట.

ఎందుకంటే ఇందులో దాపరికం లేదు. తొమ్మిది ఒకట్లను, అంటే 11,11,11,111ను, దానితోనే గుణించండి. తొమ్మిది వరుసలూ ఒకట్లే. ఒక్కో వరుస ఒక్కో స్థానం ఎడమకు జరుగుతూ మెట్లలా పడుతుంది. నిలువునా కూడితే 1, 2, 3 అంటూ 9 దాకా ఎక్కి, మళ్లీ 1 దాకా దిగుతుంది. ఎక్కడా చేతిలో మిగలదు. పది ఒకట్లు తీసుకున్నామా, నడిమి నిలువు వరుస మొత్తం 10 అవుతుంది, పక్కకు ఒకటి పోతుంది, అందం చెదురుతుంది: 1234567900987654321. కాబట్టి మన దశాంశ పద్ధతిలో ఈ వరుసకు శిఖరం తొమ్మిదే. నడిమి 9ని పక్కన పెట్టి ఎడమ సగం 12345678కి కుడి సగం 87654321 కలపండి. ఎనిమిది తొమ్మిదులు! రెండు కొసలూ కలిసి నడిమి అంకెనే చూపడం డెమ్లో లక్షణం. అంకెలన్నీ కూడితే 81. ఆ 81 ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగిస్తుంది కూడా.

ఈ సొగసు మన దేశానికి కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలోనే మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో 12345654321ను చూపాడు. పదకొండో శతాబ్దంలో ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన.

కాప్రేకర్‌కు పెద్ద పదవులు లేవు. 1975లో గణిత రచయిత మార్టిన్ గార్డ్‌నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ఈయన గురించి రాశాకే కాప్రేకర్ పేరు దూరదేశాలకు బాగా పాకింది.

ఈ ఆదివారం పిల్లలకు కాగితం, పెన్సిలు ఇచ్చి తొమ్మిది ఒకట్ల సంఖ్యను దానితోనే గుణించమనండి. మామూలు క్యాలిక్యులేటర్ తెర మీద పదిహేడంకెలు పట్టవు, చేత్తోనే చేయాలి.