బడి రాతకు బయటి పాఠకుడు

బ్లాగు అంటే తేదీల వారీగా, కొత్తది పైన, పాతది కింద పేరుస్తూ పోయే రాతల వరస. ఒక్కో రాతను తెలుగు బ్లాగర్లు టపా అంటారు. టపా కింద చదివినవారు వ్యాఖ్య రాసే చోటు ఉంటుంది. 1999లో బ్లాగర్ అనే వేదిక వచ్చాక కోడింగ్ తెలియనివారు కూడా ఖర్చు లేకుండా రాసుకోగలిగారు. దాన్ని 2003లో గూగుల్ కొన్నది, అలాంటిదే అయిన వర్డ్‌ప్రెస్ కూడా ఆ ఏడాదే మొదలైంది. యూనికోడ్ తెలుగు కంప్యూటర్లలో కుదురుకున్నాక తెలుగు బ్లాగులు ఊపందుకున్నాయి. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులో చూపే లేఖిని, కొత్త టపాలన్నిటినీ ఒకచోటికి చేర్చిన కూడలి అందుకు బాగా తోడ్పడ్డాయి.

చదువులో బ్లాగు బలమంతా పాఠకుడిలోనే ఉంది. నోటుబుక్కులో రాసిన వ్యాసాన్ని చదివేది ఉపాధ్యాయుడొక్కరే. ఎర్ర సిరాతో దిద్ది మార్కు వేశాక దాన్ని మళ్లీ తెరిచేవారు ఉండరు. పక్క ఊరివాళ్లు చదువుతారని తెలిసినప్పుడు అదే విద్యార్థి అర్థంకాని వాక్యాన్ని తిరగరాస్తాడు, లెక్క సరిచూసుకుంటాడు. ఇది ఇంటర్నెట్ కనిపెట్టిన సంగతి కాదు. 1920లలోనే ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పల్లెటూరి ఉపాధ్యాయుడు తరగతి గదిలో చిన్న అచ్చుయంత్రం పెట్టి, పిల్లల రాతలను వాళ్లచేతే అచ్చు వేయించి, దూరపు బడులకు పంపించేవాడు. మన బడుల్లోని గోడపత్రిక ఉద్దేశమూ ఇలాంటిదే. కాకపోతే అది వరండా దాటదు.

కరోనాతో బడులు మూతపడ్డ రోజుల్లో, 2020 సెప్టెంబరులో తెలంగాణ బడిపిల్లలకు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఆ పాఠం ఇంటికి వచ్చింది కానీ పిల్లల మాట తిరిగి వెళ్లే దారి మాత్రం లేదు. బ్లాగు పూడ్చేది ఆ లోటునే.

కామారెడ్డి జిల్లాలోని నస్రుల్లాబాద్ 2016లో మండల కేంద్రమైంది. అలాంటి చోట తొమ్మిదో తరగతి పిల్లలు బ్లాగు నడపాలంటే సరుకు ఎక్కడో వెతకనక్కర్లేదు. మంజీర నదిపై 1923–31 మధ్య కట్టిన నిజాంసాగర్ ప్రాజెక్టు కాలువ నీళ్లు ఈ ప్రాంతపు వరిపొలాలకు ఆధారం. నీళ్లు ఏ నెలలో వదులుతారు, కాలువ చివరి పొలానికి ఎన్నాళ్లకు చేరతాయి, ఒకప్పుడు ఏ రకం వడ్లు వేసేవారు, నాట్ల కూలి ఎలా మారింది? వీటికి జవాబులు పాఠ్యపుస్తకంలో దొరకవు. రైతులను, నాటు వేసే ఆడవాళ్లను అడిగి రాయాల్సిందే. ఇలాంటి అంశానికి ఇంకో గుణం ఉంది: ఎవరి టపానో ఎత్తి రాయడం కుదరదు. కృత్రిమ మేధ అల్లిన జవాబైతే ఊరివాళ్లే పట్టేస్తారు.

దీన్ని పాఠశాల లెక్కలో ఇమడ్చడం కూడా కష్టమేమీ కాదు. తెలంగాణ నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత అంశాలు, ప్రాజెక్టు పని ఉండనే ఉన్నాయి. నలుగురైదుగురు జట్టుగా ఒక టపా రాసి, వేరే జట్టుచేత దిద్దించుకుని, ఆ తర్వాతే పెడితే దిద్దుబాటు కూడా చదువులో భాగమవుతుంది. అందరికీ ఫోన్లు అక్కర్లేదు. కాగితంపై రాసి, బడి కంప్యూటర్‌లో వంతులవారీగా ఎక్కించవచ్చు. నోటిమాటను రాతగా మార్చే సదుపాయం వేగాన్ని ఇస్తుంది కానీ ఒత్తులు, పొల్లులు తప్పుతాయి. అవి సరిదిద్దడం కూడా మంచి అభ్యాసమే. వ్యాఖ్యల విషయంలో మొహమాటం పనికిరాదు. ‘బాగుంది’ అనే మాటకంటే ‘ఎకరానికి ఎన్ని బస్తాలో రాయలేదు’ అన్నది ఎక్కువ నేర్పుతుంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపువారంతా పిల్లలే, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పూర్తి పేర్లు, ఫొటోలు, ఇంటి వివరాలు లేకుండా టపాలు పెట్టడం మేలు. బయటివారి వ్యాఖ్యలు ఉపాధ్యాయుడు చూశాకే కనిపించేలా అమర్చుకోవచ్చు. ఖాతా ఒక సారు సొంత మెయిల్‌పై ఉంటే ఆయన బదిలీతోపాటే బ్లాగూ ఆగిపోతుంది. అందుకే దాన్ని పాఠశాల పేరిట తెరిచి, ఏటా చివర్లో టపాలన్నీ దించి దాచుకోవాలి.