లాటిను గ్రంథమున ఆంధ్రుల లెక్క

ఎవరింటను పలుకని లాటిను భాషకును, గతించిన రోమను చరిత్రకును ఒక విద్వాంసుడు జీవితమంతయు ధారపోసినచో మనకేమి ఫలమని కొందఱు నన్నడుగుచుందురు.

క్రీ. శ. 77 ప్రాంతమున రోమను పండితుడగు ప్లినీ 37 భాగముల ప్రకృతి చరిత్రను రచించెను. అందు 'అందారే' అను జాతికి ప్రాకారములుగల పట్టణములు 30, కాల్బలము లక్ష, గుఱ్ఱపుదళము 2,000, ఏనుగులు 1,000 కలవని వ్రాసెను. వీరు ఆంధ్రులేయని విద్వాంసుల యభిప్రాయము. వినుటకింపుగానే యున్నది. కాని ప్లినీ మన దేశమును చూచినవాడు కాడు. ఆ లెక్క యెవరు చెప్పినది? ఏ కాలపుది?

మన నూజివీటి సీమలో అంటుమొక్కను కొనువాడు ఆకునుమాత్రమే చూచి నమ్మడు, తల్లిచెట్టేదని యడుగును. లాటిను విద్వాంసుని పనియు నట్టిదే. జర్మనీ పండితుడు మోమ్సెన్ (1817-1903) గ్రంథములతో తృప్తినొందక, రోమను సామ్రాజ్యమందలి లాటిను శాసనములను సేకరించు మహాకార్యమును నడపెను. 1902లో నోబెల్ బహుమానమందెను. మనకును అట్టి సాక్ష్యములు లేకపోలేదు. నల్లగొండ సీమయందలి అక్కనపల్లిలో రోమను వెండినాణెములు దొరకినవి.

కావున మీ యింటి పిల్లవాడు ఈ విద్యను కోరినచో, పరభాషయని యాపకుడు. మన పూర్వుల లెక్కను సరిచూచువాడు మనవాడగుట మేలుగదా!