హోసూరు నుండి కన్యాకుమారి వరకు : ఒక రాజమార్గపు కథ

ఒక దేశపు చరిత్రమును తెలిసికొనుటకు రాజుల వంశావళులను చదువుట ఒక పద్ధతి. ఆ దేశమున జనులు నడచిన బాటలను పరిశీలించుట మఱియొక పద్ధతి. ఏలుబడులు మాఱినంత త్వరగా బాటలు మాఱవు. కొండల నడుమ సందు దొరకిన చోట, ఏఱు దాటుటకు వీలైన చోట, మంచినీరున్న చోట మానవుడు అడుగు పెట్టును. ఆ అడుగుజాడల మీద ఎడ్లబండ్లును, బండ్లజాడల మీద మోటారులును పోవును. హోసూరు మొదలు కన్యాకుమారి వరకు తమిళనాటను నిలువునా దాటిపోవు జాతీయ రహదారి ఇందుకు చక్కని నిదర్శనము.

మన పాఠశాలలలో చదువు బాలబాలికలలో పలువురి ఊళ్లు ఈ మార్గమునకు చేరువనే ఉన్నవి. ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకుచు పెరుగు ఈ పిల్లలు, “మనవారు ఇచ్చటికి ఎట్లు వచ్చిరి?” అని అడుగుట సహజము. ఆ ప్రశ్నకు సమాధానములో కొంత ఈ బాటమీదనే దొరకును. కావున తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుటకు వీలగునట్లు దీని కథను ఇచ్చట సంగ్రహముగా వివరింపదలచితిమి.

మార్గ స్వరూపము

ఈ రహదారికి చిరకాలము 7వ సంఖ్య ఉండెను. నాటి లెక్కలో ఇది వారణాసిలో మొదలై జబల్పూరు, నాగపూరు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురము, బెంగుళూరుల మీదుగా కన్యాకుమారి చేరుచుండెను. మొత్తము 2,369 కిలోమీటర్లు. అందులో తమిళనాటి భాగము 627 కిలోమీటర్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశపు భాగము అంతకంటెను ఎక్కువ, 753 కిలోమీటర్లు. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలను మార్చినప్పుడు, శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు గల మార్గమంతయు 44వ సంఖ్య క్రిందికి వచ్చెను. మన దేశమున మిక్కిలి పొడవైన జాతీయ రహదారి నేడు ఇదియే.

కర్ణాటకములోని అత్తిబెలె దాటి జూజువాడి వద్ద ఈ మార్గము తమిళనాట ప్రవేశించును. మొదటి పట్టణము హోసూరు. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే అంగడిలో వినవచ్చు ఊరిది. దీనికి సమీపమున గల తొరపల్లి గ్రామము 1878లో చక్రవర్తి రాజగోపాలాచారిగారు జన్మించిన స్థలము. అచ్చటినుండి శూళగిరి మీదుగా కృష్ణగిరి చేరుదుము. మామిడితోటలకు పేరుగన్న ఈ పట్టణమున చెన్నపట్టణపు దారియు, కన్యాకుమారి దారియు విడిపోవును. పిదప కావేరీపట్టణము వద్ద దక్షిణ పెన్నను దాటి ధర్మపురి చేరుదుము.

కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతమునకు పూర్వము బారామహల్ అని పేరు. 1792లో టిప్పుసుల్తాను సంధి చేసికొన్నప్పుడు ఈ సీమయు, దక్షిణమున దిండిగల్లు సీమయు కుంఫిణీవారి వశమయ్యెను. అలెగ్జాండరు రీడు క్రింద ఇచ్చట భూమిశిస్తు పని నేర్చిన యువకుడే థామస్ మన్రో. తరువాత అనంతపురము, కడప, కర్నూలు సీమలలో రైతువారీ పద్ధతిని అమలు జరిపినవాడును అతడే. చెన్నపట్టణపు గవర్నరుగా ఉండి 1827లో పత్తికొండలో మరణించెను. ఆతనిని మొదట పూడ్చిన గుత్తి కూడ ఈ మార్గము ప్రక్కనే ఉన్నది. మన్రో తన పనిని నేర్చిన సీమను, దానిని విస్తరించిన సీమను కలుపుచున్నది ఈ ఒక్క బాటయే.

ధర్మపురికిని సేలమునకును నడుమ తొప్పూరు కనుమ. ఇచ్చట మార్గము ఏటవాలుగా దిగును. ఈ కనుమలో జరిగిన ప్రమాదములు చాల. దీనికి గల కారణములలో ఒకటి పిల్లలకును తెలిసియుండవలెను. డీజిలు మిగులునను ఆశతో కొందఱు డ్రైవర్లు గేరు తీసివేసి లారీని దిగువకు వదలుదురు. గేరులో ఉన్నప్పుడు ఇంజనే బండిని కొంత నిలువరించును. గేరు తీసివేసినచో బరువంతయు బ్రేకుల మీదనే పడును. అవి వేడెక్కి పట్టు వదలును. కొలది డీజిలు కొఱకు ప్రాణములు పోవుట ఇట్లు జరుగుచున్నది.

సేలము ఉక్కునకు, మామిడికి ప్రసిద్ధము. కొచ్చి వైపు పోవు దారి ఇచ్చట చీలును. తరువాతి నామక్కల్లు లారీలకును, కోళ్లపెంపకమునకును నిలయము. ఊరి నడుమ ఒకే రాతికొండ, దానిపై కోట, ఆ కొండనే తొలిచిన నరసింహాలయము ఉన్నవి. వేలూరు వద్ద కావేరిని దాటి, చేనేతకు పేరుపొందిన కరూరు చేరుదుము. అరవకురిచ్చి, వేడసందూరుల మీదుగా దిండిగల్లు. ఇచ్చటి తాళములకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించెను.

మంగమ్మగారి బాట

దిండిగల్లు నుండి వైగైతీరపు మధురకు వచ్చుసరికి మనవారి చరిత్రము స్పష్టముగా కనబడును. 1529 మొదలు 1736 వరకు మధురను ఏలిన నాయకరాజులు తెలుగువారు. విజయనగర చక్రవర్తుల ప్రతినిధులుగా వచ్చి స్థిరపడినవారు. విశ్వనాథనాయకుని కాలమున రాజ్యమును 72 పాళెములుగా విభజించిరని ప్రతీతి. వారి వెంట సైనికులు, కృషీవలులు, వర్తకులు, నేతగాండ్రు తండోపతండములుగా దక్షిణమునకు తరలిరి. 1565 యుద్ధము పిమ్మట విజయనగర రాజధాని పెనుకొండకు మాఱెను. ఆ పెనుకొండయు నేటి ఈ మార్గమునకు సమీపముననే ఉన్నది. ఆనాటి బాటమీదనే నేటి రోడ్డు అడుగడుగునా పఱచబడినదని మేము చెప్పము. దిక్కు మాత్రము అదియే.

నాయకుల వంశమున రాణి మంగమ్మగారి పేరు బాటలతో పెనవేసికొనినది. 1689లో పసివాడగు మనుమడు విజయరంగ చొక్కనాథుని తరపున ఆమె రాజ్యభారము వహించెను. మధుర నుండి కన్యాకుమారి వైపు పోవు దారిని చక్కపఱచి, చెట్లు నాటించి, సత్రములు కట్టించినది ఆమెయే అని జనశ్రుతి. నేటికిని దక్షిణ జిల్లాలలో పాతబాటలను “మంగమ్మాళ్ సాలై” అని పిలుతురు. మధుర రైలు స్టేషనుకు ఎదురుగా ఆమె పేరిట సత్రము కలదు. ఆ మనుమడు పెరిగి పెద్దవాడై తెలుగు వచనమున గ్రంథములు రచించెను.

సత్రమనగా కేవలము కట్టడము కాదు. కాలినడకన పోవువాడు ఒకనాటికి ఎంత దూరము పోగలడో లెక్కించి, అంత దూరమున నీడను, నీటిని, అన్నమును సిద్ధముగా ఉంచుట. బాట వేసినవాని మనస్సులో నడచువాడు ఉండెనని ఈ ఏర్పాటే చెప్పుచున్నది.

మధుర దాటిన పిమ్మట తిరుమంగలము, విరుదునగరము. 1903లో విరుదునగరమున జన్మించిన కామరాజుగారు 1954 నుండి 1963 వరకు ముఖ్యమంత్రిగా ఉండి బడిపిల్లలకు మధ్యాహ్నభోజనమును విస్తరింపజేసిరి. తరువాత వైప్పారు ఒడ్డున సాత్తూరు, ఆపైన నల్లరేగడి నేలలు, అగ్గిపెట్టెలు, వేరుసెనగ మిఠాయి గల కోవిల్పట్టి.

కోవిల్పట్టికి సమీపమున ఇడైసెవల్ అను గ్రామము కలదు. ప్రసిద్ధ తమిళ రచయిత కి. రాజనారాయణన్ గారు 1923లో అచ్చటి తెలుగు కుటుంబమున జన్మించిరి. “గోపల్ల గ్రామము” అను నవలలో, ఆంధ్రదేశము విడిచి దక్షిణమునకు వచ్చి అడవి నఱకి ఊరు కట్టుకొనిన తెలుగువారి గాథను ఆయన తమిళమున వ్రాసిరి. దాని తరువాయియగు “గోపల్లపురత్తు మక్కళ్”కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆయన 2021లో కీర్తిశేషులైరి. ఇంటి భాష తెలుగైనను ఇరుగుపొరుగువారి భాషలో మహారచయిత కావచ్చునని ఆయన చూపిరి. తమ ఇంటి కథను మఱచిపోకుండుటయే ఆ రచనకు బలమైనది.

ఇంకను దక్షిణమున కయత్తారు. పాంచాలంకురిచ్చి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ను 1799 అక్టోబరు 16న కుంఫిణీవారు ఉరితీసిన స్థలమిది. ఆయన పుట్టిన రాజకంబళ నాయకుల ఇంటి భాషయు తెలుగే. ఆ పిమ్మట తామ్రపర్ణీతీరపు తిరునెల్వేలి, నాంగునేరి, వళ్లియూరు, పణగుడి. కావల్‌కిణరు పరిసరములలో కనుమగాలికి తిరుగు గాలిమరలను చూచుచు పోయినచో మార్గము సముద్రము కడ ఆగును. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము ఈ కడపటి భాగము తిరువాన్కూరు–కొచ్చి రాష్ట్రమున ఉండెను. ఆనాడే కన్యాకుమారి జిల్లా మద్రాసు రాష్ట్రమున చేరెను.

విస్తరణము

నాయకుల కాలమున యాత్రికులకును, సేనలకును ఉపయోగపడిన ఈ బాట, కుంఫిణీవారి కాలమున శిస్తు రాబట్టుటకును, పాళెగాండ్రను అణచుటకును సాధనమయ్యెను. స్వాతంత్ర్యానంతరము 1956లో జాతీయ రహదారుల చట్టము వచ్చెను. ఆ పిమ్మట నాలుగు దశాబ్దములు ఇది ఒకే వెడల్పున, ఊళ్ల నడుమనుండి, చింతచెట్ల నీడన సాగెను. లారీలు పెరిగెను, బాట చాలదయ్యెను.

1998లో కేంద్రప్రభుత్వము జాతీయ రహదారుల అభివృద్ధి పథకమును ఆరంభించెను. హోసూరు–కృష్ణగిరి భాగము చెన్నపట్టణము, బొంబాయి, ఢిల్లీ, కలకత్తాలను కలుపు స్వర్ణ చతుర్భుజిలోను, కృష్ణగిరి నుండి దక్షిణభాగము ఉత్తర–దక్షిణ మార్గములోను చేరెను. తరువాతి సంవత్సరములలో మార్గము నాలుగు వరుసలయ్యెను. పోవు బండ్లకు 7 మీటర్లు, వచ్చు బండ్లకు 7 మీటర్లు, నడుమ విభాగము, ఊరిలోనికి పోకుండ వెలుపలి దారులు, కూడళ్లపై వంతెనలు. పలుభాగములను కంట్రాక్టుదారులే పెట్టుబడి పెట్టి నిర్మించి, నిర్ణీతకాలము టోలు వసూలు చేసికొను పద్ధతిన కట్టిరి. 2017లో వస్తుసేవా పన్ను రాగా రాష్ట్రపు సరిహద్దులలోని వాణిజ్యపన్ను చెక్‌పోస్టులు తొలగెను. 2021 నుండి టోలు గేట్లలో ఫాస్టాగ్ తప్పనిసరియయ్యెను.

దీనివలన లాభము కలదు. కృష్ణగిరి మామిడి, నామక్కల్లు గ్రుడ్లు, కరూరు దుప్పట్లు త్వరగా దూరదేశములకు చేరుచున్నవి. రోగిని పెద్ద ఆసుపత్రికి చేర్చుటకు పట్టు కాలము తగ్గినది. కాని నష్టమును చెప్పకుండుట న్యాయము కాదు. విస్తరణలో పాతచెట్లు కూలినవి. వెలుపలి దారి పడిన ఊళ్లలో, పాతరోడ్డు ప్రక్క అంగడి పెట్టుకొనినవారికి బేరములు తగ్గినవి. ఒకే ఊరి పొలము ఒకవైపు, ఇల్లు మఱియొకవైపు పడినవి. మంగమ్మగారి బాట నడచువానిని తలచి వేయబడినది. ఈ బాట బండిని తలచి వేయబడినది. భేదమంతయు అందే ఉన్నది.

మన పిల్లలును, ఈ బాటయు

ఈ భేదము మన ఇండ్లకు ఎట్లు తగులునో ఒక చిన్న లెక్కవలన తెలియును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి ఒక సెకండునకు 22 మీటర్లు పోవును. బిడ్డ సెకండునకు ఒక మీటరు చొప్పున నడచినను, ఒకవైపు 7 మీటర్లు దాటుటకు 7 సెకండ్లు పట్టును. ఆ 7 సెకండ్లలో బండి 150 మీటర్లకు మించి వచ్చును. నూఱు మీటర్ల దూరమున కనబడు లారీని చూచి “ఇంకను దూరముగనే ఉన్నది” అని బిడ్డ అనుకొనును. అది 5 సెకండ్లలోపలనే అచ్చటికి వచ్చి చేరును. పెద్దలు సైతము ఈ లెక్కలో పొరపడుదురు. పిల్లలను నిందించి లాభము లేదు.

కావున తల్లిదండ్రులకు మా విన్నపములు మూడు. మొదటిది: దూరమైనను సరే, క్రిందిదారి లేక పైవంతెన ఉన్న చోటనే దాటుడు. విభాగమునందలి సందులలో దూరి పోవుట పిల్లలు పెద్దలను చూచియే నేర్తురు. రెండవది: అట్టి దాటుదారి లేని ఊరివారు గ్రామసభలో తీర్మానము చేసి, జిల్లా కలెక్టరుగారికిని, జాతీయ రహదారుల అధికారులకును వ్రాతమూలముగా అర్జీ పెట్టుడు. బడి ఎచ్చట ఉన్నదో, ఎందఱు పిల్లలు ఏ వేళ దాటుచున్నారో అందులో స్పష్టముగా వ్రాయుడు. దాటుదారియు, సర్వీసు రోడ్డును, వీధిదీపములును, నీడచెట్లును ఒకరిచ్చు దానములు కావు. బాటకు పొలమిచ్చిన ఊరికి గల హక్కులు.

మూడవది: సెలవులలో ఈ దారిన బస్సులో పోవునప్పుడు కిటికీ ప్రక్క బిడ్డను కూర్చుండబెట్టి, కృష్ణగిరి కోటను, కావేరిని, మధుర సత్రమును, కయత్తారును తెలుగున చెప్పుచు చూపుడు. పలకమీది తమిళ అక్షరములను బిడ్డచేతనే చదివింపుడు. మన పూర్వులు ఈ దేశమునకు నడచి వచ్చిరి, ఇచ్చటి నేలను దున్నిరి, ఇచ్చటివారితో కలిసి బ్రదికిరి, ఇంట తమ భాషను నిలుపుకొనిరి. ఈ సంగతి బిడ్డకు పాఠ్యపుస్తకముకంటె ముందుగా మీ నోటనే తెలియవలెను.