పట్టాలకు ఆవలి కుళాయి

భిలాయి నగరాన్ని హౌరా-ముంబాయి రైలుమార్గం రెండుగా చీలుస్తున్నది. ఒక వైపున చెట్ల నీడలో వరుసగా తీర్చిన ఉక్కు టౌన్‌షిప్ సెక్టార్లు. మరొక వైపున క్యాంపు-1, క్యాంపు-2, ఖుర్సీపార్. ఖుర్సీపార్ సందులలో నడిచే తెలుగువానికి తాను పరాయి రాష్ట్రంలో ఉన్నాననే స్పృహ కొంతసేపు కలుగదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి మట్టిపనికి, కట్టడపు పనికి తరలివచ్చిన కుటుంబాల బిడ్డలు, మనుమలు అక్కడ స్థిరపడ్డారు. వారి యాస మారలేదు. మారవలసినది మరొకటి ఉన్నది: ఇంటికి వచ్చే నీరు, ఇంటినుండి పోయే నీరు.

సోవియట్ యూనియన్‌తో భిలాయి ఒప్పందం 1955 ఫిబ్రవరి 2న కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారానికి, టౌన్‌షిప్‌కు కావలసిన నీటికోసం బ్రిటిష్ వారి కాలపు తాందుల జలాశయానికి తోడుగా గోండ్లీ ఆనకట్ట కట్టారు; కాలువద్వారా వచ్చిన నీటిని మరోదా జలాశయంలో నిలువచేశారు. సెక్టార్లలో మనుషులకంటె ముందు గొట్టాలు వచ్చాయి. ఇళ్ళ మురుగు భూగర్భ కాలువలలో ప్రవహించి ఊరి వెలుపలి ఆక్సీకరణ చెరువులను చేరేది. ఆ చెరువులలో యంత్రమేమీ లేదు. సూర్యరశ్మిలో నాచు ప్రాణవాయువును విడుదల చేస్తుంది. దానిని పీల్చి సూక్ష్మజీవులు మాలిన్యాన్ని జీర్ణించుకుంటాయి. ఎండకు కొదవలేని దేశానికి తగిన పద్ధతి అది.

పట్టాలకు ఆవల క్రమం తలక్రిందులయింది. అక్కడ మనుషులు ముందు వచ్చారు. ఆ సెక్టార్లకు పునాదులు త్రవ్విన చేతులు తమ గుడిసెలను తామే వేసుకున్నాయి. గుడిసెలు క్రమంగా పక్కా ఇళ్ళయ్యాయి. చేతిపంపు, వీధి కుళాయి, సెప్టిక్ ట్యాంకు, గడప ముందు తెరిచిన కాలువ – ఇంతే ఏర్పాటు. 1998లో భిలాయికి నగరపాలక సంస్థ ఏర్పడింది. శివనాథ్ నదినుండి ఎత్తిపోసి శుద్ధిచేసిన నీటిని అది బస్తీలకు అందిస్తున్నది. 2015లో మొదలైన కేంద్ర ప్రభుత్వపు అమృత్ పథకంలో భిలాయి కూడ చేరింది.

గొట్టం వస్తున్నదంటే బస్తీవాసి సంతోషించాలి గదా! సంతోషంతోపాటు అతనికి సందేహాలూ పుడతాయి. కనెక్షన్‌కు రుసుమెంత, నెలనెలా చెల్లించవలసినదెంత? పట్టా లేని ఇంటికి కనెక్షన్ ఇస్తారా, లేక కొలతలకు వచ్చినవారు ఇల్లే ఆక్రమణ అంటారా? త్రవ్విన సందును ఎవరు పూడుస్తారు? అన్నిటికంటె పెద్దది – మురుగు వెనక్కు తన్నితే ఎవరి ఇంట్లోకి వస్తుంది? చదువుకున్నవారు దీనిని అజ్ఞానమని తోసివేయడం కద్దు. ఇంజనీరింగ్ గ్రంథాలు మాత్రం బస్తీవాసి పక్షానే ఉన్నాయి.

భూగర్భ డ్రైనేజి ఉన్న నగరంలో మనిషికి దినానికి 135 లీటర్ల నీరు అందాలని భారత ప్రభుత్వ ప్రమాణం. అందులో సుమారు 80 శాతం, అనగా 108 లీటర్లు, మురుగుగా మారుతుందని లెక్క. ఆ ప్రవాహం సెకనుకు 0.6 మీటరు వేగాన్ని అందుకుంటేనే గొట్టం తనను తాను కడుగుకుంటుంది. నీరు చాలకపోయినా, వాటం తప్పినా మడ్డి అడుగున పేరుకుంటుంది. అప్పుడు మురుగు పైకి పొంగుతుంది. నీరు పల్లమెరుగు, మురుగు కూడ ఎరుగును. సందులో అన్నిటికంటె దిగువనున్న ఇంటిని అది వెదకుకొని వస్తుంది. నీరు పుష్కలంగా ఇచ్చి మురుగుదారి చూపకపోతే మరొక చిక్కు: తెరిచిన కాలువ పొంగి వీధిని ముంచుతుంది. గంటలలెక్కన నీరు వదిలే చోట, గొట్టం ఖాళీ అయినపుడు లోపల పీడనం తగ్గి, పగులున్నచోట పక్కనున్న మురుగునే లోనికి పీల్చుకుంటుంది. కనుక రెండు గొట్టాలూ ఒకే లెక్కలో, ఒకే కాలంలో రావాలి. ఒకటి ముందు, ఒకటి ఎప్పుడో అంటే కుదరదు.

కుళాయిని నమ్మలేని ఇల్లాలు డ్రమ్ములలో నీరు పట్టి ఉంచుతుంది. డెంగ్యూ దోమకు కావలసినది అటువంటి నిలువనీరే. 2018 వర్షాకాలంలో దుర్గ్-భిలాయిలో ఆ జ్వరం ప్రబలి పలువురు మరణించారు. ఎక్కువగా బాధపడిన ప్రాంతాలలో ఖుర్సీపార్ ఒకటి.

ఖర్చు విషయంలో కరాచీ చెప్పే కథ వినదగినది. అక్కడి ఓరంగీ బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే వృద్ధ సంఘసేవకుడు పని ప్రారంభించాడు. ఇరవై ముప్ఫై ఇళ్ళున్న ఒక్కొక్క సందును ఒక్కొక్క సంఘంగా కూర్చి, వారిచేతనే చందాలు వేయించి, వారిచేతనే గొట్టాలు వేయించాడు. ఇంజనీర్లు కొలతలు, సలహాలు ఇచ్చారు. ప్రభుత్వ అంచనాలో స్వల్పభాగంతో పని పూర్తయింది. అయితే ఆయన ఒక హద్దు గీశాడు: సందులోని కాలువ ప్రజలది, ప్రధాన కాలువ, శుద్ధి కేంద్రం ప్రభుత్వానివి. ఆ రెండవది లేకుంటే మొదటిది మురుగును ఇంటినుండి పక్క వాగుకు మార్చడమే అవుతుంది. పేదవాడే తన కాలువ త్రవ్వుకోవాలా, సెక్టారువాసి ఎన్నడైనా త్రవ్వాడా అని ఎవరైనా ప్రశ్నిస్తే, ఆ ప్రశ్న న్యాయమైనదే.

ఇంకొక సంగతి అంచనా పత్రాలలో సాధారణంగా కనిపించదు. పూడిన మ్యాన్‌హోల్‌లోకి ఎవరు దిగుతారు? రక్షణ లేకుండ మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అట్లు మరణించినవారి కుటుంబానికి పదిలక్షల రూపాయలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023లో దానిని ముప్ఫై లక్షలకు పెంచింది. విషవాయువు భిలాయికి తెలియనిది కాదు. 2014 జూన్ 12న కర్మాగారంలోని నీటి పంపుహౌసు వద్ద కార్బన్ మోనాక్సైడ్ వ్యాపించి ఆరుగురు మరణించారు. మురుగు కాలువలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడ అంత నిశ్శబ్దంగానే చంపుతుంది. కాలువను శుభ్రపరచే యంత్రం ఆ ఇరుకు సందులోకి రాగలదా లేదా అన్నది గొట్టం వేయకముందే కొలిచి చూడవలసిన విషయం. ఆ సందులోనే, దిగువ ఇంటి గడప ఎత్తుతోపాటు.