కుక్కల పార్వో వ్యాధి

పార్వో వ్యాధి ముఖ్యంగా కుక్కపిల్లలకు సోకే ప్రాణాంతకమైన అంటువ్యాధి. దీనికి కారణమైన వైరస్‌ను 1978లో గుర్తించారు. ఇది మనుషులకు సోకదు.

లక్షణాలు

వాంతులు, రక్త విరేచనాలు, జ్వరం, నీరసం.

చికిత్స, వ్యయం

ప్రేగులు కోలుకునే వరకు రోజుల తరబడి సెలైన్, వాంతులు తగ్గించే మందులు, యాంటీబయాటిక్‌లు ఇవ్వవలసి ఉంటుంది. రోగిని ఇతర కుక్కలకు దూరంగా ఉంచాలి. అందువలన చికిత్సకయ్యే ఖర్చు టీకాల ఖర్చుకు అనేక రెట్లు ఉంటుంది. చికిత్స అందని కుక్కపిల్లలలో అధిక భాగం మరణిస్తాయి.

నివారణ

6-8 వారాల వయసులో మొదటి టీకా వేయించి, 16 వారాలు నిండేవరకు 2-4 వారాలకొకసారి మళ్ళీ వేయించాలి. తల్లి నుండి సంక్రమించిన రక్షక పదార్థాలు తొలి టీకాను పనిచేయనీయకపోవచ్చు. కనుక ఖర్చుకు వెనుకాడి ఒక్క టీకాతో ఆపరాదు. ఈ వైరస్ నేలలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను వీధిలో తిప్పరాదు.