ప్రోబ్ తిప్పడమేగా అనుకుంటే...

అమెరికా వెళ్లాక మళ్లీ చదువు మొదలుపెట్టాలనుకునే మనవాళ్లు ఆరా తీసే కోర్సుల్లో వాస్క్యులర్ అల్ట్రాసౌండ్ ఒకటి. అంటే రక్తనాళాల స్కానింగ్. దాని చుట్టూ అపోహలూ బాగానే ఉన్నాయి.

అపోహ: బొమ్మ మెషీన్ తీస్తుంది, జబ్బు డాక్టరు చెబుతారు. టెక్నీషియన్ పని జెల్ పూయడమే.

వాస్తవం: హైదరాబాద్‌లో స్కానింగ్‌కు వెళితే ఒంటి మీద తిప్పే ప్రోబ్ పట్టేది డాక్టరే. అమెరికాలో అలా కాదు. స్కానంతా సాధారణంగా సోనోగ్రాఫరే, అంటే ఈ పని నేర్చిన టెక్నీషియనే చేస్తారు. డాక్టరు ఆ తర్వాత, దాచిన బొమ్మలు చూసి రిపోర్టు రాస్తారు. సోనోగ్రాఫర్ పట్టుకోని రక్తపు గడ్డ డాక్టరుకూ కనిపించదు.

మెషీన్ చూపే అంకె కూడా దానంతటదే రాదు. మెడలోని కెరోటిడ్ ధమనిలో రక్తవేగం సెకనుకు 125 సెంటీమీటర్లు దాటితే నాళం సగానికి పైగా పూడిందని అనుమానిస్తారు. 2003లో వెలువడిన ఈ ప్రమాణాన్ని ఇప్పటికీ చాలా ల్యాబులు వాడుతున్నాయి. వేగం లెక్క కట్టాలంటే ధ్వని తరంగం రక్తప్రవాహాన్ని ఏ కోణంలో తాకిందో తెలియాలి. తెర మీద గీత తిప్పి ఆ కోణాన్ని చెప్పేది సోనోగ్రాఫరే. అసలు కోణం 60 డిగ్రీలైతే గీతను 65 దగ్గర పెట్టారనుకోండి. 110 ఉండాల్సిన వేగం 130 అని కనిపిస్తుంది. గీత కాస్త జరిగినందుకే ఆ మనిషి రోగుల జాబితాలో చేరిపోతాడు! కోర్సులో భౌతికశాస్త్రం ఎందుకని విసుక్కునేవారికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

అపోహ: ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ఉద్యోగం వచ్చేస్తుంది.

వాస్తవం: గడ్డ ఉన్న సిర ప్రోబ్‌తో నొక్కినా అణగదు. ఎంత నొక్కాలో వీడియో చూసి నేర్చుకోలేం, రోగి కాలి దగ్గరే నేర్చుకోవాలి. అందుకే అసోసియేట్ డిగ్రీకి రెండేళ్లు పడుతుంది, అందులో ఆస్పత్రి శిక్షణ తప్పనిసరి. చేరేముందు ఆ కోర్సుకు సీఏఏహెచ్‌ఈపీ అనే సంస్థ గుర్తింపు ఉందా, అది వాస్క్యులర్ విభాగానికి వర్తిస్తుందా అని చూసుకోండి. ఆర్‌వీటీ (రిజిస్టర్డ్ వాస్క్యులర్ టెక్నాలజిస్ట్) అర్హతకు ఏఆర్‌డీఎంఎస్ అనే సంస్థ పరీక్షలు రెండు రాయాలి: ఒకటి అల్ట్రాసౌండ్ భౌతిక సూత్రాల మీద, రెండోది రక్తనాళాల మీద. చట్టప్రకారం లైసెన్సు అడిగే రాష్ట్రాలు కొన్నే. అయినా ఉద్యోగమిచ్చే ఆస్పత్రులు మాత్రం ఆర్‌వీటీయో, సీసీఐ అనే మరో సంస్థ ఇచ్చే ఆర్‌వీఎస్సో ఉందా అని అడుగుతాయి.

రేడియేషన్ లేదు కాబట్టి ఒంటికి హాయైన పని అనేవారూ ఉన్నారు. రేడియేషన్ లేని మాట నిజమే. భుజం నొప్పి, మణికట్టు నొప్పి మాత్రం ఈ వృత్తిలో మామూలు.

అపోహ: తిరిగొచ్చేస్తే ఆర్‌వీటీతో ఇక్కడా స్కానింగ్ సెంటర్‌లో చేరిపోవచ్చు.

వాస్తవం: మన దేశంలో అల్ట్రాసౌండ్ మెషీన్ 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం పరిధిలోకి వస్తుంది. లింగనిర్ధారణను ఆపడానికి వచ్చిన చట్టమే అయినా, కాలి సిరలు చూసే మెషీన్‌నూ సాధారణంగా వదలదు. దాని కింద అర్హత ఉన్న డాక్టరే స్కాన్ చేయాలి, ఎంత అనుభవమున్న సోనోగ్రాఫరైనా సొంతంగా చేయడానికి వీల్లేదు. వెనక్కి వచ్చే ఆలోచన ఉన్నవాళ్లు ఫీజు కట్టకముందే ఈ లెక్క వేసుకోవాలి.