కిడ్నీ రాళ్లకు రెండు లేజర్లు: తేడా ఎక్కడుంది?

దక్షిణ అండమాన్‌లోని తుష్నాబాద్‌లో ఒకరికి అర్ధరాత్రి నడుము పక్కన పోటు మొదలై గజ్జల్లోకి పాకిందనుకుందాం. పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి.పంత్ ఆసుపత్రి వరకు రోడ్డు ప్రయాణమే. ప్రత్యేక చికిత్సకు ప్రధాన భూభాగానికి వెళ్లాల్సి వస్తే మాత్రం మధ్యలో బంగాళాఖాతం ఉంది. చెన్నైకైనా విశాఖపట్నానికైనా ఓడలో రెండు మూడు రోజులు పడుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఇలాంటి చోట 'ఏ లేజర్ మంచిది?' అని అడిగితే దాని అసలు అర్థం వేరు. ఒక్కసారితో రాయి మొత్తం పోతుందా, లేక మళ్లీ సముద్రం దాటాలా?

'లేజర్ ఆపరేషన్' అనేది ఒకే ఆపరేషన్ పేరు కాదు. లేజర్ కేవలం పనిముట్టు. దాన్ని రాయి దాకా తీసుకెళ్లే దారులు వేరువేరు. మూత్రనాళంలో ఇరుక్కున్న రాయి అయితే మూత్రమార్గం గుండా సన్నని దుర్భిణిని పంపుతారు. కిడ్నీ లోపలి రాయికైతే అదే దారిలో వంగే దుర్భిణి వెళ్తుంది, దీన్ని ఆర్‌ఐఆర్‌ఎస్ అంటారు. రాయి 2 సెంటీమీటర్లు దాటితే సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి నేరుగా కిడ్నీలోకి వెళ్లే పీసీఎన్‌ఎల్‌ను ఎంచుకుంటారు. 2024లో హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రాలజీ అండ్ యూరాలజీ వైద్యులు 27 శాతమే పనిచేస్తున్న కిడ్నీ నుంచి 418 రాళ్లు తీసింది ఈ పద్ధతిలోనే. ఈ దారులన్నింటిలోనూ వెంట్రుకలాంటి గాజు తీగ చివర నుంచి లేజర్ వెలువడుతుంది.

1990ల నుంచి ఈ రంగాన్ని ఏలుతున్నది హోల్మియం లేజర్. దాని కిరణాల తరంగదైర్ఘ్యం సుమారు 2,100 నానోమీటర్లు. ఇది కంటికి కనిపించదు, కానీ నీరు దీన్ని గట్టిగా పీల్చుకుంటుంది. తీగ చివరన ఉన్న నీరు క్షణంలో ఆవిరి బుడగ అవుతుంది. ఆ బుడగలోంచి దూసుకెళ్లిన శక్తి రాయిని వేడెక్కిస్తుంది, రాతి రంధ్రాల్లోని తేమ ఉబ్బి రాయిని లోపలి నుంచి పగలగొడుతుంది. ప్రతి దెబ్బకూ రాయి వెనక్కి జరగడమే ఇక్కడి చిక్కు. పారిపోయే రాయిని తరమడానికే సర్జన్ సమయం ఖర్చవుతుంది. దీనికి విరుగుడుగా వచ్చిన 'మోజెస్' పద్ధతిలో ఒక్కో పల్స్‌ను రెండుగా విడదీస్తారు. మొదటిది నీటిని చీల్చి దారి చేస్తుంది, రెండోది ఆ దారిలో రాయిని తాకుతుంది. పేరు ఎక్కడి నుంచి వచ్చిందో బైబిల్ కథ తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది.

థూలియం ఫైబర్ లేజర్ కొత్తది. అమెరికాలో దీనికి 2019లో అనుమతి లభించింది. దీని తరంగదైర్ఘ్యం 1,940 నానోమీటర్లు. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ, ఈ కిరణాలను నీరు దాదాపు 4 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే తక్కువ శక్తి గల పల్స్‌లనే సెకనుకు వందల్లో, అవసరమైతే 2,000కు పైగా పంపవచ్చు. సుత్తితో కొట్టడం కాదిది, ఆకురాయితో అరగదీయడం లాంటిది. రాయి పెద్దగా కదలదు, పొడిగా రాలి మూత్రంతో పోతుంది. తీగ 150 మైక్రాన్ల సన్నానికి తగ్గుతుంది కాబట్టి దుర్భిణి బాగా వంగుతుంది, సెలైన్ ప్రవాహమూ పెరుగుతుంది. యంత్రం కూడా తేలిక. హోల్మియం యంత్రాలకు నీటితో చల్లబరిచే ఏర్పాటు కావాలి, పెద్దవాటికి ప్రత్యేక విద్యుత్ కనెక్షన్ కూడా. దీనికి ఫ్యాను, మామూలు ప్లగ్గు చాలు. ఓడలో సామాను రావలసిన చోట ఇది చిన్న విషయమేమీ కాదు.

మరి ఫలితాలు? నార్వేలో 120 మందిపై జరిపి 2022లో ప్రచురించిన పరీక్షలో, మూడు నెలల తర్వాత సీటీ స్కాన్ తీస్తే థూలియం వర్గంలో 92 శాతం మందికి రాళ్లు పూర్తిగా పోయాయి, హోల్మియం వర్గంలో 67 శాతం మందికి. తేడా అంతా కిడ్నీలోని రాళ్ల దగ్గరే వచ్చింది: 86 శాతం, 49 శాతం. మూత్రనాళంలోని రాళ్లకు రెండూ నూరు శాతం పనిచేశాయి. అయితే అక్కడ పోటీకి నిలిపింది తక్కువ వాట్ల హోల్మియాన్ని. అమెరికాలో 108 మందిపై జరిపిన 2023 నాటి పరీక్షలో మోజెస్ సదుపాయమున్న హోల్మియంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే పోటీ రెండు మూలకాల మధ్య కాదు, యంత్రాల తరాల మధ్య. ప్రకటనల్లో ఈ మాట కనిపించదు.

వేడి సంగతీ మరవకూడదు. పల్స్‌లు ఎంత వేగంగా వస్తే కిడ్నీలోని నీరు అంత వేడెక్కుతుంది. 43 డిగ్రీల సెల్సియస్ దాటి కొంతసేపు ఉంటే కణజాలం దెబ్బతినే ప్రమాదముంది. సెలైన్ ప్రవాహం, మధ్యమధ్య విరామం ఇచ్చే సర్జన్ చేయి, ఈ రెండే దానికి కాపలా.

ఏ లేజర్ వాడినా చాలామందికి ఆపరేషన్ చివర మూత్రనాళంలో డీజే స్టెంట్ పెడతారు. దాన్ని కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తీయాలి. నొప్పి తగ్గి, ప్రయాణం భారమై, తీయించుకోవడం మరచిపోయిన స్టెంట్ చుట్టూ నెలల తరబడి కొత్తగా రాయి పేరుకుంటుంది. అప్పుడది మొదటి రాయికంటే కష్టమైన కేసు. దూరం నుంచి వచ్చిన రోగి డిశ్చార్జికి ముందే స్టెంట్ ఉందా, ఏ తేదీన తీయాలి, సొంత ఊరికి దగ్గరి ఆసుపత్రిలో తీయించుకోవచ్చా అని అడిగి, ఆ వివరాలను కాగితం మీద రాయించుకోవాలి.